ఊటీలో ఆడి నెల

పెళ్ళి మాటలప్పుడు రెండు వైపులా అడగని సంగతి లేదు. గోత్రం అడిగారు, జాతకం అడిగారు, గుడియాత్తం బజారులో మా పాత్రల అంగడికి వెనక దారి ఉందా అని కూడా మహతి వాళ్ళ నాయన రంగరాజులు అడిగాడు. మీ ఇంట్లో పట్టేది ఏ పంచాంగం అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ ఏడు నేను ఒక్కడినే ఊటీలో కూర్చుని వాన చూసే పని తప్పేదేమో. తప్పేదేమో అంటున్నాను గానీ, నాకే నమ్మకం లేదు.

బయటివాళ్ళకు ఈ గొడవ కొంచెం విప్పి చెప్పాలి. మేం తెలుగువాళ్ళం, ఉండేది తమిళదేశంలో. కొత్త జంట ఆషాఢంలో కలిసి ఉండకూడదని, అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని మా పట్టింపు. తమిళులకు అదే పట్టింపు ఆడి నెలలో. రెండూ ఒకటేలే అనుకుంటారు చాలామంది, కానీ కాదు. మన నెల అమావాస్యతో మారుతుంది, వాళ్ళ నెల సూర్యుణ్ణి బట్టి మారుతుంది. ఆ ఏడు ఆషాఢం జూన్ ఇరవై ఆరున వచ్చి జూలై ఇరవై నాలుగుతో పోయింది. ఆడి జూలై పదిహేడున వచ్చి ఆగస్టు పదహారు దాకా తిష్ఠ వేసింది. మా చుట్టుపక్కల తెలుగిళ్ళలో కొందరు ఇది పడతారు, కొందరు అది పడతారు. రెండూ పట్టే ఇంటి పిల్లను చేసుకున్నవాడు రెండు నెలలు సన్యాసే. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కడికే, అదీ ప్రతి ఉగాదికీ చిత్తూరు నుంచి వచ్చే పంచాంగం చదివి చెప్పడానికి మా తాత పట్టుబట్టి నేర్పాడు. కాబట్టి మంచిరోజు చూసి ఊటీలో గది మాట్లాడింది నేనే, జూలై ఇరవై ఎనిమిది సోమవారం నుంచి ఐదు రోజులకు.

మహతి మా ఇంట్లో ఉన్నది పదిహేడు రోజులు. అడిగినదానికి జవాబు చెప్పేది, మిగతావాటికి నవ్వి ఊరుకునేది. పెళ్ళికి ముందు వేలూరులో రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. పెళ్ళిచూపుల్లో మమ్మల్ని విడిగా మాట్లాడుకొమ్మని వదిలిన ఐదు నిమిషాల్లో ఆమె అడిగింది ఒకటే, పెళ్ళయినాక పనికి పోవచ్చా అని. చూస్తాం అన్నాను. అంగట్లో బేరం కుదరనప్పుడు మనిషిని నొప్పించకుండా సాగనంపడానికి మేం వాడే మాట అది. పెళ్ళయిన నాలుగో రోజు మా అమ్మ పుష్పవల్లి, అంగడోళ్ళ ఇంటి కోడలు పనికి పోతే బజారులో తలెత్తుకోలేమని తేల్చేసింది. నేను ఇడ్లీ తింటున్నాను. తింటూనే ఉన్నాను.

ఆషాఢానికి మహతి వేలూరు పక్కన సత్తువాచారిలో పుట్టింటికి పోయింది. నెల గడవడం నాకు ఎంత కష్టమైందో చెబితే నవ్వుతారు. గుడియాత్తంలో మా వీధిలో ఊటీ సరస్సు ముందు నిలబడి తీయించుకున్న ఫొటో లేని ఇల్లు లేదు. పెళ్ళయితే అక్కడికి పోవాల్సిందే. మా అమ్మానాయనలది కూడా ఉంది, ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీతో. మాది అట్లా ఉండకూడదని, ఆమె పక్కన ఎట్లా నిలబడాలో కూడా నేను ఆలోచించి పెట్టుకున్నాను.

ఇద్దరం ఆదివారం రాత్రి కాట్పాడిలో రైలెక్కాలని మాట. నేను గుడియాత్తం నుంచి పెట్టెతో వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటే ఫోను మోగింది. వాళ్ళ అవ్వ అడ్డం పడిందని, ఆడి పోయేదాకా గడప దాటనివ్వనంటా ఉందని మహతి చెప్పింది. వాళ్ళు రెండూ పట్టే ఇల్లని ఆమెకే ఆ రోజు తెలిసిందట. నేను వచ్చి మాట్లాడతానన్నాను. వద్దంది, ఆడిలో అల్లుడు అత్తగారింటికి రాకూడదట.

"అత్తా కోడలు ఒక గడప దాటరాదు, అంతే గదా," అన్నాను. "ఊటీలో లాడ్జి గడపకు అత్త యాడుండాది?"

ఆమె నవ్వింది. "అదే చెప్తా నాయనకు. మీరు పోయి ఉండండి. రెండు దినాల్లో ఒప్పించి నేను వస్తా."

ఆ నవ్వును పట్టుకుని నేను రైలెక్కాను. మా అమ్మకు నిజం చెబితే వియ్యంకులతో అప్పుడే తగువు పెట్టుకునేది. అందుకని ఇద్దరం ఎక్కినామని చెప్పాను. బజారులో ఊటీ సంగతి తెలియనివాడు లేడు, తిరిగి పోయి ఎవరికి ఏం చెప్పను?

ఊటీలో దిగినప్పుడు వాన పడుతోంది. అది మొదలైంది ఎప్పుడో నాకు తెలియదు, ఆగింది నేను చూడలేదు. మా ఊళ్ళో వాన వస్తే వీధంతా బయటికొచ్చి చూస్తుంది, గంటలో అయిపోతుంది. అక్కడిది ముసురు. పొద్దున, మధ్యాహ్నం, సాయంకాలం ఒకే రంగు. మేం దిగాల్సిన కాటేజీ కొండ వాలులో ఉంది, రేకుల కప్పు, ముందు చిన్న వరండా. మంచం మీద ఎర్ర గులాబీ రేకులు చల్లి, తువ్వాళ్ళను రెండు హంసలుగా మడిచి ముక్కులు ఆనించి పెట్టారు. రెండు కప్పులు, రెండు జతల చెప్పులు, రెండు గొడుగులు. నాకు ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. రేకులు నలుగుతాయని మొదటి రోజు కుర్చీలోనే పడుకున్నాను.

వంట చేసేది జెసింత. యాభై దాటిన మనిషి, సొంతూరు మా వైపే, ఒడుగత్తూరు పక్కన, పాతికేళ్ళ కిందట టీ ఫ్యాక్టరీ పనికని కొండెక్కి అక్కడే ఉండిపోయింది. నేను ఫోనులో తెలుగు మాట్లాడ్డం విని వరండాలోనే ఆగిపోయింది. చదవడం రాదుగానీ తెలుగులో ప్రార్థన చేసుకుంటానని చెప్పి, ఆ రోజు నుంచి నన్ను సొంతమనిషిని చేసుకుంది. నా తడిబట్టలు ఆమె పొయ్యి మీది దండెం మీద ఆరేవి, పొగవాసన వేసేవి. భార్య రేపో ఎల్లుండో వస్తుందని చెప్పాను కాబట్టి, మంగళవారం రెండు ప్లేట్లు తెచ్చింది. బుధవారం తెచ్చింది. రెండో ప్లేటును మూతపెట్టి తీసుకుపోయేది.

మహతి రోజూ మెసేజ్ పెట్టేది, తమిళ అక్షరాల్లో తెలుగు. నాయన మెత్తబడినాడు. అవ్వ ఒప్పుకోలేదు. రేపు చూస్తాం. ఆ చివరి మాట చదివి నాకు ఒక్క క్షణం ఏదో గుచ్చుకుంది గానీ, పట్టించుకోలేదు.

ఐదో రోజు, శుక్రవారం పొద్దున, నేను వరండాలో పళ్ళు తోముకుంటూ ఉంటే మామ ఫోను చేశాడు. ఆడిలో అల్లుడితో మాట్లాడటం కూడా తప్పేమోనని భయపడుతూ తీశాను.

"నాయనా, రంగరాజుల్ని. పాప ఫోను తియ్యడం లే. దానికి చల్లగాలి పడదు, చెవులకు మఫ్లర్ కట్టుకోమను. ఆదివారం బయల్దేరేటప్పుడు బ్యాగులో నేనే పెట్టినా."

నోట్లో నురగతోనే నిలబడిపోయాను. ఆదివారం బయల్దేరిందా అని అడగలేదు. ఆడి గురించి అవ్వ ఏమైనా అందా మామా అని మాత్రం మెల్లగా అడిగాను.

"ఆడియా? మా ఇంట్లో ఆడి ఎవురు పట్టినారు నాయనా? మేమూ ఆషాడమే. అది పోయిందనే గదా పంపించినాం. ఏం, పాప ఏమన్నా చెప్పిందా?"

"ఏం లే మామా. ఊరికే అడిగినా."

"పాప యాడ?"

"స్నానానికి పోయుండాది," అన్నాను. "మఫ్లర్ సంగతి చెప్తా."

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు. సిగ్గు వల్ల కావచ్చు. ఆ పెద్దాయన గొంతులో ఉన్న సంతోషం వల్ల కావచ్చు. చెప్పిన తరువాత నోరు కడుక్కుని, చాలాసేపు తువ్వాలు ముఖానికి పెట్టుకుని కూర్చున్నాను. మీ నాయన ఫోన్ చేసినాడు, నువ్వు ఈడే ఉండావని చెప్పినా అని ఆమెకు మెసేజ్ పెట్టాను.

మధ్యాహ్నానికి ఆమే ఫోను చేసింది. రేకుల మీద వాన చప్పుడు ఆమెకు కూడా వినపడి ఉంటుంది.

అరక్కోణంలో స్నేహితురాలు సుగంతి ఇంట్లో ఉందట. హోసూరులో ఒక ల్యాబులో పని దొరికింది. పదకొండో తేదీ చేరాలి, హాస్టల్లో చోటు కూడా ఆ రోజే. ఆ లోపల నాయనకు తెలియకూడదు. నేను అడగాలనుకున్నది ఒకటే, అడిగేశాను, ఎవరైనా ఉన్నారా అని.

"లేరు," అంది. "ఎవురన్నా ఉండుంటే చెప్పేది సులువుగా ఉండును. మీ ఇంట్లో నన్ను ఎవురూ ఒక మాట అనలే. మీరూ చెడ్డోళ్ళు కాదు. పొద్దున లేస్తే ఆ ఇంట్లో నేను ఎవురో నాకే తెలిసేది కాదు, అంతే."

"మీ నాయనకు చెప్తే ఏమవుతాది?"

"కోప్పడితే తట్టుకుంటా. నాయన కోప్పడడు, ఏడుస్తాడు. ఆయన ఏడిస్తే నేను మళ్ళీ మీ ఇంటికే వచ్చేస్తా. ఒకసారి చేరినానంటే రాలేను."

ఇంకా పది రోజులు ఊటీలోనే ఉండగలరా అని అడిగింది. చూస్తాం అనబోయి, నాలుక కరుచుకున్నాను. ఉంటాను అన్నాను.

ఆ సాయంకాలం గొడుగు తీసుకోకుండా బయటికి పోయాను. నా చేతిలో ఏముందో నాకు తెలుసు. ఒక్క ఫోను చేస్తే ఆ పెద్దాయన ఏడుస్తాడు, ఆమె వారంలో మా ఇంట్లో ఉంటుంది, ఇడ్లీ వడ్డిస్తుంది, నవ్వి ఊరుకుంటుంది. ఆమె నన్ను నమ్మి చెప్పిందో, గతిలేక చెప్పిందో, ఆ కిటుకు తన నోటితోనే నాకు చెప్పింది. సరస్సు దాకా నడిచాను. మామ నంబరు రెండుసార్లు తెరిచాను. స్క్రీను మీద నీళ్ళు పడి వేలు పనిచేయలేదు, తుడవడానికి నా ఒంటి మీద పొడిగుడ్డ లేదు. వెనక్కి వచ్చేశాను. గొప్ప మనసుతో మానుకున్నానని చెప్పను. ఆమె మళ్ళీ ఆ నవ్వు నవ్వితే చూడలేనని భయం వేసింది.

మా అమ్మకు ఫోను చేసి కోడలికి ఊరు నచ్చింది, ఇంకో పది రోజులుంటాం అన్నాను. మా అమ్మ సంబరం ఇంతా అంతా కాదు. ఉండండి నాయనా, అంగడి మీ నాయన చూసుకుంటాడు, అని చెప్పి ఫోను పెట్టకముందే పక్కింటామెకు చెప్పడం నాకు వినపడింది. ఇద్దరం కలిసిన ఫొటో పంపమంది. మరునాడు జెసింత చేత వరండాలో నన్ను ఒక్కణ్ణే తీయించి, మహతి తీసింది అని రాసి పంపాను. అమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. ఎన్నడూ నీ మొగాన ఇట్లాంటి కళ చూళ్ళేదు నాయనా, పెండ్లాం ఎదురుగా నిలబడితే మగోడు ఇట్లే మారిపోతాడు అని. అది విని జెసింత తల దించుకుని కప్పులు తీసుకుని లోపలికి పోయింది. రాత్రి నుంచి ఒక్క ప్లేటే తెచ్చింది.

ఆ తరువాతి పది రోజులు మహతి పొద్దున్నే ఫోను చేసేది. వాళ్ళ నాయన రోజూ వాన సంగతి అడుగుతాడు కదా, ఆమెకు తెలియాలి. ఈ రోజు వాన ఎట్లుండాది, అని అడిగేది. మొదటి రోజు, పడతా ఉండాది అన్నాను. అంతేనా అంది. అంతే కాదని నాకూ అప్పుడే తోచింది. వాన గురించి చెప్పడానికి వానను చూడాలి కదా. చూడటం మొదలుపెట్టాను.

సరస్సులో పడవలన్నీ ఒడ్డున బోర్లించారని చెప్పాను. చెట్లకు పైసగం ఉండదని, మంచు తినేస్తుందని చెప్పాను. తేనీరు రంగు నీళ్ళు మెట్ల మీద నుంచి పడుతూ ఒక చెప్పును తీసుకుపోతుంటే ఒక కొత్త పెళ్ళికొడుకు దాని వెంట పరుగెత్తాడని, పెళ్ళికూతురు నడిరోడ్డు మీద కూర్చుని నవ్విందని చెప్పాను. గుర్రాలవాళ్ళు గుర్రాలకు యూరియా సంచులు కప్పారని, ఒక గుర్రం వీపు మీద 'తేమ తగలనీయరాదు' అని అచ్చు వేసి ఉందని చెబితే మహతి పగలబడి నవ్వింది. నేను ఆమె నవ్వును అంతవరకు వినలేదు. పదిహేడు రోజులు ఒకే గదిలో ఉండి వినలేదు. ఆమె కూడా మెల్లగా మాట్లాడేది, సుగంతి ఇంట్లో వంటగది గురించి, ల్యాబులో మొదటిసారి సూది పట్టినప్పుడు తన చెయ్యే ఎక్కువ వణికిన సంగతి గురించి. నాకు వంటలో ఏది ఇష్టమో కూడా అడిగింది.

సాయంకాలాలు మామ ఫోను చేసి నా వాననే నాకు తిప్పి చెప్పేవాడు. గుర్రానికి సంచి కప్పినారంట గదా నాయనా, పాప చెప్పి ఒకటే నగడం, అనేవాడు. పాప ఇంత మాట్లాడి శానా దినాలయింది, నీ దగ్గర సంతోషంగా ఉండాది, అనేవాడు. అవును మామా అనేవాణ్ణి. నవ్వుకుని మంచం మీదికి చేరేవాణ్ణి. అబద్ధమని తెలిసీ దానిలో వెచ్చగా పడుకునేవాణ్ణి.

ఇక నాకు ఆశ పుట్టకుండా ఎట్లా ఉంటుంది? తొమ్మిదో తేదీ పొద్దున, చెప్పాల్సిన వాన అంతా చెప్పినాక, అడిగాను.

"పనికి పో. హోసూరులోనే ఉండు. నేను అంగడి వదిలి వస్తా. అంతకంటే ముందు ఒక్క దినం ఈడికి వచ్చి చూసిపో."

ఆమె ఏ కోపమూ లేకుండా, రేపు వాన ఎట్లుండాదో చెప్పండి, అంది.

మరునాడు చెప్పాను. బాగా పడతా ఉండాది అన్నాను, అంతకంటే చెప్పలేకపోయాను. ఆమె కూడా అంతేనా అని అడగలేదు. మంగళవారానికల్లా నాయనకు తానే చెబుతానని మాత్రం అంది.

సోమవారం పదింటికి మెసేజ్ వచ్చింది. చేరినా. ఇంక మీరు దిగొచ్చు. ఆ సాయంకాలం మామ ఫోను చేస్తే, రేపు సాయంకాలానికి వేలూరులో దిగుతామని చెప్పాను.

మంగళవారం పొద్దున జెసింత బస్టాండు దాకా వచ్చింది. వద్దన్నా వినలేదు, నా పెట్టె మీద గొడుగు పట్టుకుని తాను తడుస్తూ నడిచింది. బస్సు కిటికీ దగ్గర నిలబడి, ఇంటికి పోయి కడుపు నిండా తిను నాయనా, అంది.

కోయంబత్తూరులో బస్సు మారాను. సేలం దాటినాక ఎండ వచ్చింది. రెండు వారాల తరువాత ఎండ చూసి కళ్ళు మూసుకున్నాను. వేలూరు కొత్త బస్టాండులో బస్సు ఆగేసరికి సాయంకాలమైంది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద రంగరాజులు మామ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మూడు గిన్నెల క్యారియర్, దాని మీద అరిటాకులో చుట్టిన మల్లెపూలు. చూడగానే తెలిసిపోయింది, ఆమె చెప్పలేకపోయింది.

నేను దిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, చిక్కిపోయినావే నాయనా అని, నా వెనక మెట్ల మీదికి చూశాడు. ఒక ముసలామె దిగింది. ఇద్దరు కాలేజీ పిల్లలు దిగారు. చంకలో బిడ్డతో ఒకామె దిగింది, ఆయన పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు. కండక్టరు దిగాడు. డ్రైవరు తన వైపు తలుపు తీసుకుని దిగి పోయాడు. మామ ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"వెనక బస్సులో వస్తా ఉండాదా?" అన్నాడు.

"రాదు మామా."

ఈసారి ఏ నెల మీదా నెపం తోయలేదు. మహతి హోసూరులో పనికి చేరిందని, హాస్టల్లో ఉందని, క్షేమంగా ఉందని చెప్పాను. ఊటీకి రానే లేదని చెప్పాను. నా దగ్గరికి ఇంక రాదని చెప్పాను. ఆయన ఏడుస్తాడని, ఏడిస్తే ఆ ఏడుపు ఆమెకు వినపడనీయకూడదని, ఆయన జేబులో ఫోను తీస్తే ఆపడానికి నేను ఆయనకు అడ్డంగా నిలబడి ఉన్నాను.

ఆయన ఏడవలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చుని క్యారియర్ పక్కన పెట్టుకున్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. చాలాసేపటికి నా వైపు తిరిగాడు.

"అయితే ఆ వానలో అన్ని దినాలు నువ్వు ఒక్కడివేనా నాయనా?"

నాకు అప్పటిదాకా ఒక్కసారి కూడా ఏడుపు రాలేదు. అప్పుడు వచ్చింది. బస్టాండులో అంతమంది మధ్య, ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నా వీపు నిమురుతూ కూర్చున్నాడు. కాసేపటికి గుడియాత్తం బస్సు వస్తే, క్యారియర్ నా చేతికిచ్చి నన్ను ఎక్కించాడు.